గడ్డి వాసన వస్తే బయటికి రండి

మొన్న మా ఇంటికి గంగారాం వచ్చాడు. జగిత్యాల దగ్గర పల్లె ఆయనది. బహ్రెయిన్‌లో మా నాన్న స్టోర్‌కీపరుగా చేసిన ఓడల యార్డులోనే ఆయన ఫిట్టరు. వాళ్ళ ఊరివాళ్ళతో బస్సులో ద్రాక్షారామం వెళుతూ, దారిలో రామచంద్రపురం బోర్డు చూసి, "మా స్టోరు సారుది గిదే ఊరు" అని దిగిపోయాడట. నలుగురిని అడుగుతూ వచ్చి మా గుమ్మం ముందు నిలబడ్డాడు. నాన్న పోయిన సంగతి ఆయనకి తెలీదు. ఫొటో ముందు చేతులు కట్టుకుని అలా నిలబడే ఉన్నాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. చివరికి వరండాలో కుర్చీ వేసి, కాఫీ చేతికిచ్చి నేనూ కూర్చున్నాను. మాకిది కోతల కాలం. వీధిలోంచి గడ్డి ట్రాక్టరు ఒకటి, రెండు పక్కలా గోడల్ని రాసుకుంటూ వెళ్ళింది. గంగారాం కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. భుజం మీది తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని గబగబా లోపలికెళ్ళి, కిటికీ రెక్కలు తనే మూసేశాడు. పనమ్మాయి కిసుక్కున నవ్వింది. దాన్ని కసిరి వంటింట్లోకి పంపించాను. ఆయన ఎందుకలా చేశాడో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

నేను ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతాను. ప్రతి ఏడూ హాలోజన్ కర్బన సమ్మేళనాల పాఠం వస్తుంది. క్లోరోఫాం తయారీ, అయొడోఫాం పరీక్ష, ఒక అణువులో క్లోరిన్ పోయి ఇంకోటి రావడం, ఇవన్నీ బోర్డు మీద రాస్తాను. మా పిల్లలు తెలివైనవాళ్ళే గానీ వాళ్ళకి సమీకరణం చాలు, దాని వెనక వాసన అక్కర్లేదు. "మేడం, ఇందులోంచి ప్రశ్న గ్యారంటీగా వస్తుందా?" అని అడుగుతారు. వస్తుంది నాయనా, రాసుకో అంటాను. క్లోరోఫాంకి గాలీ వెలుతురూ తగిలితే ఫాస్జీన్ అవుతుంది, అందుకే ముదురు రంగు సీసాలో మూతి దాకా నింపి పెడతారు అనే వాక్యం దగ్గరికొచ్చేసరికి మాత్రం నా గొంతు గరుకెక్కుతుంది. సుద్దపొడి అనుకుంటారు వాళ్ళు. నేనూ కాదనను.

బహ్రెయిన్‌లో, రిఫా అనే ఊళ్ళో మేం ఉన్నది మూడో అంతస్తు ఫ్లాటు. లిఫ్టు లేదు. కువైట్ యుద్ధం సద్దుమణిగిన కొన్నేళ్ళ తర్వాతి మాట. కిటికీలో పెట్టిన ఏసీ డబ్బా పగలంతా గుర్రుమంటూ ఉండేది. దాన్నుంచి కారే నీళ్ళకి అమ్మ బక్కెట్టు పెట్టేది, ఆ నీళ్ళతోనే ఇల్లు తుడిచేది. అమ్మ ఆ పక్క వీధిలోనే ఒక అరబ్బుల ఇంట్లో వంటపని చేసేది. పొద్దున్నే వాళ్ళ వంట, మధ్యాహ్నం తర్వాత మా వంట. ఎండ్రొయ్యలు వేయించిన రోజున తలుపు కింద తడిగుడ్డ కుక్కేది, ఎదురింటివాళ్ళు ముక్కు మూసుకుంటారని. నాన్న తాళాలగుత్తి మొలకి కట్టుకునే నిద్రపోయేవాడు. యార్డు స్టోరులోంచి గుండుసూది కూడా ఇంటికి తేని మనిషి. అలాంటివాడు ఒకే ఒక్క వస్తువు తెచ్చాడు, అదీ అమ్మ పోరు పడలేక. చిన్న సీసా, అందులో నీళ్ళలాంటి మందు. గ్రీజు మరకల మీద దూదితో అద్దితే మరక మాయమయ్యేది. డ్రమ్ము మీద ట్రైక్లోరోఎథిలీన్ అని రాసుండేదట, యార్డులో ఎవరికీ నోరు తిరగక 'మీఠా పానీ' అనేవారు. నిజంగానే తియ్యటి వాసన. అమ్మ స్నానాల గదిలో కూర్చుని బట్టలకి ఆ మందు అద్దుతుంటే నేను గుమ్మంలో నిలబడి పీల్చేదాన్ని. తల తేలిపోతున్నట్టుండేది. "ఏంటే ఆ ముక్కు, అత్తరనుకున్నావా?" అని అమ్మ తిట్టేది.

ఆ గ్రీజు బట్టలు మా సత్తిబాబు మావయ్యవి. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. నాన్నే వీసా తెప్పించి యార్డులో వెల్డరుగా పెట్టించాడు. మావయ్య ఉండేది యార్డుకి దగ్గర్లో, హిద్ అనే ఊరి పక్కన కూలీల క్యాంపులో, ఒక గదిలో పైనా కిందా మంచాలు. గురువారం సాయంత్రం డ్యూటీ దిగగానే కంపెనీ పికప్పులో రిఫా దాకా వచ్చేసేవాడు, మళ్ళీ శుక్రవారం సాయంత్రమే పోవడం. మాసిన బట్టల మూటతో వచ్చి, ఉతికిన బట్టల మూటతో వెళ్ళేవాడు. వచ్చీ రాగానే వంటింట్లోకి తొంగిచూసి, "అక్కా, ఇయ్యాళేటి?" అని అడిగేవాడు. చేపల పులుసంటే గిన్నె మూత తీసేదాకా ఊరుకునేవాడు కాదు. అన్నం తిన్నాక బాల్కనీలో కూర్చుని, ఊరినుంచి ఎవరో తెచ్చిపెట్టిన చుట్ట వెలిగించేవాడు. ఆ కంపుకి నాన్న తిట్టేవాడు, అమ్మ తిట్టేది, నేనూ తిట్టేదాన్ని. "ఇది కూడా లేకపోతే ఈ ఎడారిలో నేనెవరో నాకే గుర్తుండదు బుల్లెమ్మా" అనేవాడు. ఊళ్ళో రెండెకరాలు కౌలుకి చేసినవాడు. ఇసకా, ఇనుమూ తప్ప కంటికి పచ్చనిది ఆనని చోట మూడేళ్ళుగా ఉన్నాడు. అప్పటికి పెళ్ళయిన కొత్త కాదు గానీ, పెళ్ళాన్ని చూసి చాలా కాలమైంది.

ఆ గురువారం ఎప్పటికంటే హుషారుగా వచ్చాడు. కింద కిరాణా కొట్టతను మా బియ్యం బస్తా మెట్ల దగ్గర పడేసి పోయాడు. "ఒరే సత్తిబాబూ, అలాగే పైకి తెచ్చెయ్‌రా" అని అమ్మ బాల్కనీలోంచి కేకేసింది. భుజానెత్తుకుని మూడంతస్తులూ ఎక్కాడు. గుమ్మంలో దింపి, గోడకి చేరగిలబడి కాసేపు దగ్గాడు. "ఎండ తగిలినట్టుంది, మజ్జిగివ్వే" అన్నాడు. మజ్జిగ తాగాక కళ్ళు మెరిశాయి.

"అక్కా, ఇయ్యాళ ఓడ కింద మనూరి గడ్డి వాసనొచ్చిందే."

"ఓడలో గడ్డేంట్రా, మతిపోయిందా?" అంది అమ్మ.

"ఒట్టే. అడుగు అరలో ఒక్కణ్నే వెల్డింగ్ చేత్తన్నా. కాసేపయ్యాకా మెల్లిగా మొదలైంది. అప్పుడే కోసి పనలేసిన చేలోకి పొద్దున్నే ఎల్తే ఎలాగుంటాది? అచ్చం అదే. మాస్కు తీసేసి పీల్చా. కళ్ళమ్మట నీళ్ళొచ్చేసినాయనుకో. పని కూడా నిదానంగా చేసేను, ఆ వాసన పోద్దేమోనని."

అమ్మ చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "కోతలై ఉంటాయిరా ఈపాటికి" అంది. ఇద్దరూ వాళ్ళ పొలం గట్లూ, కళ్ళాలూ, చిన్నప్పుడు గడ్డిమేటు మీంచి జారి మావయ్య చెయ్యి విరగ్గొట్టుకున్నదీ తలుచుకుంటూ కూర్చున్నారు. నాన్న మాత్రం, "ఓడ ఏ దేశం సరుకు మోసిందో, గడ్డి కూడా మోసుంటుంది" అన్నాడు. ఆ మాట అందరికీ సబబుగానే తోచింది. అన్నం సగమే తిని మావయ్య బాల్కనీలోకెళ్ళి చుట్ట వెలిగించాడు. రెండు దమ్ములు లాగి కిందికి విసిరేశాడు. "ఛీ, రుచే లేదు బావా, గడ్డిపరక కాల్చినట్టుంది" అన్నాడు. "పోన్లే, ఈ కంపు వదిలింది మాకు" అని నాన్న నవ్వాడు. మేమంతా నవ్వాం.

తెల్లవారాక అమ్మ లేపడానికి వెళ్ళేసరికి హాల్లో మావయ్య గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఊపిరి తీస్తుంటే లోపల నీళ్ళు మరుగుతున్నట్టు చప్పుడు. మాట్లాడబోతే నురగ వచ్చింది. నాన్న ఎదురింటాయన కారులో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అమ్మ చెప్పుల్లేకుండా మెట్లు దిగి, కారు వెనక వీధి చివరిదాకా పరిగెత్తింది. నేను ఇంట్లోనే ఉన్నాను. మావయ్య బట్టల మూట గుమ్మం పక్కన విప్పకుండా అలాగే ఉంది. జుమ్మా నమాజు పిలుపు వినబడుతుండగా నాన్న తిరిగొచ్చాడు. తాళాలగుత్తి తీసి బల్లమీద పెట్టాడు. ఆ గుత్తి ఆయన మొల విడవడం అదే మొదటిసారి చూశాను. గుండె ఆగిపోయిందని కాగితం రాసిచ్చారు. మనిషికి ముప్పై నిండలేదు. మావయ్య ఊరికి పెట్టెలో వెళ్ళాడు.

కొన్ని వారాలకి బడిలో ఆ పాఠం వచ్చింది. మా కెమిస్ట్రీ టీచరు అన్నమ్మ మిస్, మలయాళీ, బడికి రాకముందు కొచ్చిలో ఏదో ఫ్యాక్టరీ లేబరేటరీలో చేసింది. క్లోరోఫాం సీసా చేతిలో పట్టుకుని, ఇది ఎందుకు ముదురు రంగులో ఉందో చెప్పమంది. గాలి, వెలుతురు, ఫాస్జీన్ అని బోర్డు మీద రాసింది. "ప్రాణాలు తీసే వాయువు. కానీ వాసన మాత్రం బెదిరించదు. కోసిన ఎండుగడ్డి వాసన" అంది. మా తరగతిలో సగం మంది గడ్డిమేటు చూసి ఎరగరు. ఎవడో, గడ్డికి వాసనేంటి మిస్ అన్నాడు. అందరూ నవ్వారు. గంట కొట్టాక ఆవిడ వెనకే నడిచి, "వెలుతురంటే ఎండ వెలుతురేనా మిస్? వెల్డింగ్ వెలుతురుకి కూడా అవుతుందా?" అని అడిగాను. ఆవిడ ఆగింది. ఎందుకు అడుగుతున్నావంది. చెప్పాను.

మర్నాడు స్నానాల గదిలోని మీఠా పానీ సీసా గుడ్డలో చుట్టి తీసుకెళ్ళాను. అన్నమ్మ మిస్ లేబరేటరీ తలుపు వేసి, కిటికీలన్నీ తెరిచి, రాగితీగ కొసని దీపంలో ఎర్రగా కాల్చింది. చల్లారాక సీసాలో ముంచి మళ్ళీ మంటలో పెట్టింది. మంట ఆకుపచ్చగా లేచింది. అంత అందమైన పచ్చరంగు ఆ దేశంలో నేనెక్కడా చూడలేదు. క్లోరిన్ లాంటి హాలోజన్ ఉన్న కర్బన సమ్మేళనం రాగితో ఇలా పట్టుబడుతుందని పుస్తకంలో చదివాను, ఇప్పుడు ఏటా చేసి చూపిస్తాను. "క్లోరిన్ ఉందిందులో. డ్రమ్ము మీద పేరు నువ్వు చెప్పినదే అయితే ఇదీ క్లోరోఫాం చుట్టమే. ఈ ఆవిరి నిండిన గదిలో వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ రాక మరేం వస్తుంది" అంది మిస్. తర్వాత నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి ఒక్కొక్కటే అడిగింది. పొగ తాగేవాడా, ఆ సాయంత్రం పొగాకు రుచి లేదన్నాడా. కొన్ని గంటలు మామూలుగానే ఉన్నాడా. బరువేమైనా మోశాడా. బియ్యం బస్తా సంగతి చెప్పాను. మిస్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పీల్చినవాడు మంచం మీద కదలకుండా ఉండాలట, ఒళ్ళు అలిసిన కొద్దీ ఊపిరితిత్తుల్లో నీరు తొందరగా ఊరుతుందట. ఆ బస్తా ఎత్తమని కేకేసింది అమ్మ. మిగతాదంతా ఇంట్లో చెప్పాను గానీ ఆ ఒక్క ముక్కా నాన్నకి మాత్రం చాటుగా చెప్పి, అమ్మకి ఆవిడ పోయేదాకా తెలియనివ్వలేదు. ఇందులో నేను చేసిన మంచిపని ఏదైనా ఉంటే అదొక్కటే.

నాన్న అంతా విన్నాడు. సీసా తీసుకుని మరుగుదొడ్లో పారబోయబోయి, ఆగి, మూత బిగించి కాగితంలో చుట్టాడు. "ఆ రోజు ఆ అర తుడవడానికి ఈ మందు డబ్బా నా చేత్తోనే ఇచ్చాను" అన్నాడు. మామూలుగా ఆ మందుతో ఇనుము తుడిచాక బ్లోయరు పెట్టి గాలి ఆడనిచ్చి, అప్పుడు గానీ వెల్డరుని దించరు. ఆ వారం బ్లోయరు వేరే ఓడకి పోయింది. ఫోర్‌మన్ యల్లా యల్లా, త్వరగా కానివ్వండంటూ నిలబడ్డాడు, ఓడ మళ్ళీ నీళ్ళలోకి దిగాల్సిన రోజు దగ్గర పడింది మరి. శనివారం నాన్న ఇంజనీరు దగ్గరికి వెళ్ళాడు. ఆయన కాగితం చూపించాడట, గుండె అని రాసుంది కదా అన్నాడట. "మీ అమ్మాయి పరీక్ష బాగా రాయాలని కోరుకుంటున్నాను" అని కూడా అన్నాడట. ఖలాస్. నాన్న ఇంటికొచ్చి ఆ మాట చెబుతుంటే ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి. నాకు ఇంజనీరు మీద కంటే నాన్న మీదే కోపమొచ్చింది, ఒక్క అరుపు కూడా అరవకుండా తిరిగొచ్చినందుకు. మొహం మీదే అనేశాను. అమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చింది. మా ముగ్గురి వీసాలూ ఆ ఉద్యోగానికే వేలాడుతున్నాయని నాకు తెలీక కాదు.

నాన్న అరిచే మనిషి కాదు. మర్నాటి నుంచి స్టోరు కిటికీ దగ్గర సామాన్ తీసుకోవడానికి వచ్చిన ప్రతివాడినీ ఆపడం మొదలుపెట్టాడు. తెలుగువాళ్ళకి తెలుగులో, మిగతావాళ్ళకి వచ్చీరాని హిందీలో ఒకటే మాట. "గడ్డి వాసన వస్తే బయటికి రండి. ఎవరు ఆపినా ఆగొద్దు. పైకొచ్చి పడుకోండి, బరువెత్తొద్దు." మొదట్లో నవ్వుకున్నారు. స్టోరు సారుకి బావమరిది పోయి మతి చలించిందన్నారు. ఆ తర్వాత ఒకరోజు ముగ్గురు మనుషులు ఒక్కసారిగా అర విడిచి పైకొచ్చి డెక్కు మీద పడుకున్నారు. ఫోర్‌మన్ తిట్టాడు, తన్నబోయాడు, వాళ్ళు లేవలేదు. రెండ్రోజులు దగ్గారు గానీ బతికారు. అందులో గంగారాం ఒకడు. ఆ నెలలోనే అరల్లోకి బ్లోయర్లు వచ్చాయి. ఆ ఎండాకాలం గడవకముందే నాన్న కాంట్రాక్టు ముగిసిందని చెప్పేశారు. కారణం అడిగితే స్టోరు లెక్కల్లో తేడా అన్నారు, గుండుసూది కూడా తేని మనిషిని. మేం ముగ్గురం బియ్యం డబ్బాలు పక్కింటివాళ్ళకిచ్చేసి తిరిగొచ్చేశాం.

ఇప్పుడు మా పిల్లలు ఫోనులో వేలు కదిపితే ఏ మందు దేనితో కలిస్తే ఏమవుతుందో క్షణంలో దొరుకుతుంది. అప్పుడు ఆ యార్డులో వందలమంది చేతుల్లో ఆ డబ్బా తిరిగేది, దాని మీద ఉన్న పేరు చదవగలిగినవాళ్ళు వేళ్ళ మీద లెక్క. తెలిసినవాళ్ళెవరో తెలిసే ఊరుకున్నారేమో కూడా. ఇప్పుడు తెలుసుకోవడం తేలికైంది, ఆ ఊరుకోవడం మాత్రం తగ్గిందని నేను అనుకోను. ఈమధ్య మా ఊరి కుర్రాడొకడు బహ్రెయిన్‌లోనే అస్కర్ అనే చోట క్యాంపులో ఉంటూ ఫోను చేశాడు. ఏ పని అంటే ట్యాంకులు తుడవడం అన్నాడు. దేనితో తుడుస్తున్నావురా అంటే, "ఏమో మేడం, ఏదో లిక్విడ్ ఇస్తారు" అన్నాడు. నేను పాఠం చెప్పినవాడే వాడు. ఆ పాఠంలో మంచి మార్కులొచ్చినవాడు. డబ్బా ఫొటో తీసి పంపించేదాకా వాడిని వదల్లేదు.

మొన్న గంగారాం ఆ మూసిన గదిలో కూర్చుని తనే మొదలుపెట్టాడు.

"మీ మామ గా దినం నన్ను గుడ పిల్సిండు బిడ్డా. 'గంగారామూ, ఇటు రా, గడ్డి వాసనొస్తాంది' అని. నేను పైన మ్యాన్‌హోల్ కాడ ఉన్న. తలకాయ లోపట పెట్టి సూస్తే నిజమే, మా గడ్డివాము కాడ నిలవడ్డట్టే ఉంది. పానం గుంజింది. నేను దిగుతనన్న. గాడ ఇద్దరు పట్టరు. 'కాసేపాగు, నన్ను కడుపునిండా పీల్చుకోనీ, తర్వాత నీ వంతు' అన్నడు. నేను పైన్నే కూసున్న, నా వంతు కోసం. గంతల డ్యూటీ అయిపోయింది."

ఇన్నేళ్ళలో ఈ సంగతి నాన్నకి చెప్పావా అని అడిగాను. ఎట్ల చెప్త బిడ్డా అన్నాడు. ఊళ్ళో కోతల కాలం వస్తే తను నిజామాబాద్‌లో కూతురింటికి వెళ్ళిపోతానని చెప్పాడు. పొలం కొడుకులు చూసుకుంటారు. గడ్డి ఇంటికి చేరి, పాతబడి, వాసన పోయాక గానీ తిరిగిరాడు. బహ్రెయిన్ నుంచి వచ్చేసినప్పటి నుంచీ ఇంతే. ఇంట్లోవాళ్ళు ముసలోడి చాదస్తం అంటారట.

క్లాసులో చెప్పినంత శ్రద్ధగా చెప్పాను ఆయనకి. వరిగడ్డి వాసన వేరు, దానికీ దీనికీ చుట్టరికం లేదు, ముక్కు ఒకటే అనుకుంటుంది గానీ ఒకటి కాదు, నిక్షేపంగా పీల్చొచ్చు అన్నాను. మధ్యలో ఆపకుండా విన్నాడు, తలూపాడు.

"నువ్వు సదువుకున్నదానివి, నిజమే అయితది" అన్నాడు. "కని బిడ్డా, మీ నాయిన బయటికి రమ్మని జెప్పిండు, వచ్చిన, బతికిన. మల్ల లోపటికి పొమ్మని ఎవ్వలు జెప్పలే."

"నాన్న లేడు కదా, ఆయన బదులు నేను చెబుతున్నాను. వెళ్ళు. మీ పొలంలోకి నువ్వు వెళ్ళు" అన్నాను. నా గొంతు గరుకెక్కింది, ఈసారి సుద్దపొడి మీద నెట్టడానికి లేదు.

ఆయన నా రెండు చేతులూ పట్టుకుని సరే సరే అన్నాడు. గదిలో ఉక్కగా ఉందని నేను లేచి కిటికీ గడియ మీద చెయ్యి వేశాను. "ఉండనియ్యి బిడ్డా" అన్నాడు గంగారాం, తువ్వాలు మళ్ళీ ముక్కు దగ్గరికి జరుపుకుంటూ.